కర్నూలు చుట్టుపక్కల వనభోజనాలకు నీడ, నీళ్లు ఉన్న చోటు చెప్పండి

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కార్తీకంలో ఒక ఆదివారం మా ఇంటివాళ్లం, మేనత్తగారి కుటుంబం, బెంగళూరు నుంచి వచ్చే మా చెల్లెలి కుటుంబం కలిసి వనభోజనాలకు వెళ్దామనుకుంటున్నాం. మొత్తం పాతికమంది అవుతాం. మా నాయనమ్మ కూడా వస్తుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు; నేల మీద కూర్చుంటే లేవలేదు, మెట్లు ఎక్కలేదు. ఐదేళ్లలోపు పిల్లలు ముగ్గురున్నారు.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. బాబాయి గండికోట అంటున్నారు. అమ్మ ఉసిరిచెట్టు ఉన్న చోటే కావాలంటోంది. చెల్లెలికి ద్రాక్షతోట మీద మనసుంది. నంది కొండల దగ్గర వైన్ ద్రాక్షతోటల్లో వాళ్ల ఆఫీసువాళ్లు కూర్చుని భోంచేసిన ఫొటోలు చూసిందట, మన అనంతపురం వైపు అలాంటిది లేదా అని అడుగుతోంది. నాకు మాత్రం అందరూ సుఖంగా కూర్చుని, తిని, చీకటి పడకముందే ఇల్లు చేరితే చాలు. పొద్దున ఏడింటికి బయలుదేరతాం. తెలిసినవారు చెప్పండి.

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

మీ బాబాయిగారి మాటే నా మాట. రాయలసీమలో పుట్టి గండికోట చూడకపోతే ఎలా? పెన్నా నది ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పోయిన చోటు అది. కార్తీకం నాటికి మైలవరం జలాశయం నిండి ఉంటే లోయ అడుగున నీళ్లు కనిపిస్తాయి. వానల తరువాత కాబట్టి కొండల మీద పచ్చదనం కూడా ఉంటుంది. కోటలో మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కోట దగ్గర పర్యాటక శాఖ వారి హోటల్ ఉంది, గదులు దొరుకుతాయి. ముందురోజు సాయంత్రమే వచ్చి ఉండిపోతే తెల్లవారుజామున లోయ మీద వెలుగు పడటం చూడవచ్చు. అది చూశాక మీ చెల్లెలు ద్రాక్షతోట ఊసెత్తదు.

మామిడితోపు (బనగానపల్లె)

పెన్నా గట్టు గారు చెప్పిన ప్రతి మాటా నిజమే. గండికోట చూడవలసిన చోటు. కానీ వీళ్లు అడిగింది కూర్చుని తినే చోటు. ఈ రెండూ వేరు.

లోయ అంచున నీడ లేదు. రాతి మీద ఎండ పదిగంటలకే కాల్చడం మొదలుపెడుతుంది, కార్తీకమైనా సరే. అంచున చాలా చోట్ల అడ్డు లేదు. ఐదేళ్లలోపు పిల్లలు ముగ్గురంటే ముగ్గురు పెద్దవాళ్లు తిండి మానుకుని వాళ్ల చేతులు పట్టుకుని నిలబడాలి. లోయ కనిపించే చోటికి బండల మీద దాటుకుంటూ పోవాలి, నాయనమ్మగారికి అది కుదరదు. ఇంకొకటి, కోటలోని గుళ్లు, ధాన్యాగారం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అలాంటి కట్టడాల ఆవరణలో వంట చేయడం, విస్తళ్లు పరచడం నిబంధనలకు విరుద్ధం. లేపాక్షికీ సిద్ధవటం కోటకూ ఇదే వర్తిస్తుంది. పైగా కర్నూలు నుంచి మూడు గంటల పైనే ప్రయాణం. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే సగం రోజు బండిలోనే గడిచిపోతుంది.

వనభోజనానికి ముందు చూడవలసినవి మూడే: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కదలని నీడ, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, "ఇక్కడ కూర్చోండి" అని చెప్పే హక్కున్న మనిషి. ఈ మూడూ కుదిరిన చోటికి గంట దూరంలో చూడదగ్గది ఏదో ఒకటి మన సీమలో ఎలాగూ ఉంటుంది. చోటు ముందు, చూడటం తరువాత. చాలామంది దీన్ని తిరగేసి, ఎండలో నిలబడి పులిహోర తిని వస్తున్నారు.

మా వైపు మామిడితోటలకు రండి. ఎలా కుదుర్చుకోవాలో అడిగితే వివరంగా రాస్తాను.

సరిహద్దు పల్లె (హిందూపురం)

చెల్లెలిగారి ద్రాక్షతోట గురించి నేను చెబుతాను, మాకు అవి దగ్గర.

నంది కొండల కింద దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం ప్రాంతాల్లో ద్రాక్ష విస్తారంగా పండుతుంది. అక్కడి బెంగళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దొడ్డబళ్లాపురం దగ్గర వైన్ తయారుచేసే పెద్ద తోటలో ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి తోట, తయారీ చూపిస్తారు. అయితే వనభోజనానికి ఇవి ఎందుకు కుదరవో వినండి.

మొదటిది నీడ. మనం తినే ద్రాక్షను పందిరి మీదికి ఎక్కిస్తారు, కింద మనిషి నిలబడవచ్చు. వైన్ ద్రాక్షను చాలా తోటల్లో అలా పెంచరు. రాళ్లో గుంజలో పాతి, ఇనుప తీగలు లాగి, కంచెలాగా నిలువు వరుసల్లో కడతారు. గుత్తులకు ఎండ, గాలి తగలాలని అలా చేస్తారు. రెండు వరుసల మధ్య మధ్యాహ్నం నిలబడితే నెత్తిన ఎండే. ఫొటోలో ఎంత బాగున్నా చాప పరచుకునే చోటు కాదు.

రెండోది కాలం. మన దక్షిణాదిలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తారు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మల కోసం, అక్టోబరు కత్తిరింపు కాపు కోసం. కార్తీకం అంటే అక్టోబరు కత్తిరింపు అయి కొత్త చిగురు వస్తున్న సమయం. గుత్తులు చూడాలంటే జనవరి చివర నుంచి మార్చి లోపల వెళ్లాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మందు. లేత చిగురుకు బూజు తెగుళ్లు ఎక్కువ కాబట్టి ఈ రోజుల్లోనే బోర్డో మిశ్రమం, ఇతర మందులు వరుసగా కొడతారు. ఆకుల మీద తెల్లగా, నీలంగా మరకలు కనిపిస్తాయి. చిన్నపిల్లలను ఆ వరుసల్లో ఆడనివ్వకూడదు.

ద్రాక్ష చూడాలనే కోరిక ఉంటే ఫిబ్రవరిలో మీ చెల్లెలి ఇంటికి మీరే వెళ్లండి. ముందు ఫోను చేసి, బయటి భోజనం అనుమతిస్తారో లేదో అడిగి బయలుదేరండి. వచ్చేటప్పుడు లేపాక్షి నంది దగ్గర ఆగండి. ఇరవై ఏడు అడుగుల పొడవున్న ఏకశిల అది, చుట్టూ పచ్చిక ఉంది, పెద్దవాళ్లు మెట్లెక్కకుండా చూడవచ్చు. సీసాలు తేవాలనుకునేవారికి ఒక మాట: రాష్ట్రం దాటించి మద్యం తేవడం మీద ఆబ్కారీ నిబంధనలు ఉన్నాయి, తెలుసుకోకుండా బండిలో పెట్టుకోవద్దు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

హిందూపురం మిత్రులకు కృతజ్ఞతలు. మీరు రాసింది మా చెల్లెలికి చదివి వినిపించాను. ఫిబ్రవరికి వాయిదా వేయడానికి ఒప్పుకుంది. మామిడితోపు గారూ, దయచేసి వివరంగా రాయండి. మనకు పరిచయం లేని రైతు దగ్గరికి వెళ్లి పాతికమందిమి వస్తామంటే ఒప్పుకుంటారా?

నందికొట్కూరు బాట

సంగమేశ్వరం ఎవరూ చెప్పలేదేమిటి? సప్తనదులు కలిసే చోటు, కర్నూలుకు దగ్గర, కార్తీకంలో పుణ్యం కూడా.

నల్లమల నీడ (ఆత్మకూరు)

కార్తీకంలో సంగమేశ్వరాలయం నీళ్లలో ఉంటుందండీ. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునిగిపోతుంది. నీటిమట్టం తగ్గాక, ఎండాకాలం దగ్గరపడుతున్నప్పుడు బయటపడుతుంది. మళ్లీ వానాకాలంలో వరద వచ్చేదాకానే వేపమొద్దు లింగం దర్శనం. ఇప్పుడు వెళితే ఒడ్డున నిలబడి నీళ్లు చూసి రావాలి. ముంపు ప్రాంతం నుంచి తెచ్చి తిరిగి కట్టిన రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద ఉంది. కార్తీకంలో దర్శనం చేసుకోవాలంటే అక్కడికి వెళ్లవచ్చు, బండి గుడి దాకా పోతుంది.

మా వైపు మహానంది కూడా ఆలోచించండి. నంద్యాల నుంచి పదిహేను కిలోమీటర్లు. కోనేటిలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడిన నాణెం కనిపిస్తుంది. ఆ ఊట నీళ్ల వల్ల చుట్టూ అరటితోటలు, చెట్లు. కానీ కార్తీక ఆదివారం, సోమవారం జనం విపరీతంగా వస్తారు. కోతులు సంచులు లాక్కుంటాయి. పాతికమంది ఒక్కచోట కూర్చునే జాగా దొరకాలంటే పొద్దున్నే చేరాలి.

అడవి లోపలికి వెళ్లి వండుకుందామనే ఆలోచన ఎవరికైనా ఉంటే వదిలేయండి. నల్లమలలో ఎక్కువ భాగం పులుల అభయారణ్యం. రక్షిత అడవిలో నిప్పు పెట్టడం నేరం. పొయ్యి ఆర్పేశామనుకున్న చోట బూడిద కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది, ఎండుగడ్డి అంటుకోవడానికి అంతే చాలు. అహోబిలం వెళ్లేవారైనా సరే, అన్నం ఇంట్లో వండుకుని తీసుకెళ్లండి. వనభోజనమంటే వనంలో తినడం, వండటం తప్పనిసరి కాదు.

మామిడితోపు (బనగానపల్లె)

హంద్రీ ఒడ్డు గారూ, రైతు ఒప్పుకుంటారు. పద్ధతిగా అడిగితే మా వైపు కాదనేవాళ్లు తక్కువ.

మీ దారిలో బనగానపల్లె చుట్టూ, పాణ్యం నుంచి వచ్చేటప్పుడు కూడా రోడ్డు పక్కన పాత తోటలు కనిపిస్తాయి. వయసున్న బేనిషా చెట్లు చూసుకోండి. కొమ్మలు గొడుగులా విచ్చుకుని, పక్కచెట్టు కొమ్మలతో కలిసిపోయి ఉంటాయి. కొత్తగా దగ్గర దగ్గరగా వేసిన తోటల్లో చెట్లు చిన్నవి, నీడ చాలదు. చీనీ (బత్తాయి) తోటలు కూడా మన సీమలో చాలా ఉన్నాయి కానీ కూర్చోవడానికి పనికిరావు. కొమ్మలు నేలకు దగ్గరగా ఉంటాయి, ముళ్లు ఉంటాయి, కింద డ్రిప్ పైపులు పరిచి ఉంటాయి, కాలు తగిలి పైపు ఊడితే రైతుకు నష్టం. దానిమ్మకూ ఇదే మాట. మామిడి తరువాత చింతతోపు మంచిది, నీడ చల్లగా ఉంటుంది.

ఒక వారం ముందు మీలో ఇద్దరు వెళ్లి తోట చూసి రండి. ఫోనులో కుదిరే పని కాదిది. వెళ్లినప్పుడు చూడవలసినవి చెబుతాను. వానల తరువాత తోటల్లో దున్నుతారు. దున్నిన నేలలో బెడ్డల మీద కుర్చీ నిలవదు, నాయనమ్మగారికి ఇబ్బంది. దున్నని తోటో, గట్టి నేల ఉన్న మూలో కావాలి. కొమ్మల్లో ఆకులు కలిపి కుట్టుకున్న ఎర్రచీమల గూళ్లు ఉంటే ఆ చెట్టు వదిలేయండి. పెద్ద తేనెపట్టు ఉంటే ఆ తోటే వదిలేయండి, ముఖ్యంగా పొయ్యి పెట్టే ఆలోచన ఉంటే. పొగ తగిలితే పెద్ద తేనెటీగలు మందగా మీద పడతాయి.

నీళ్ల సంగతి అక్కడే అడగాలి. తోటలో బోరు ఉందంటే మధ్యాహ్నం నీళ్లు వస్తాయని కాదు. వ్యవసాయ కరెంటు ఇచ్చే వేళల్లోనే మోటారు ఆడుతుంది. ఆ రోజు కరెంటు ఎప్పుడుంటుందో రైతుకు తెలుసు. పొద్దున్నే తొట్టి నింపి ఉంచమని చెబితే చేతులకు, గిన్నెలకు సరిపోతాయి. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి. పాతికమందికి ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు తీసుకుంటే దిగులుండదు.

అనుమతి ఎవరిదో కూడా తెలుసుకోండి. మా వైపు చాలా తోటలను కాపుకు గుత్తకిస్తారు. గుత్త కుదిరాక తోట గుత్తేదారు చేతిలో ఉంటుంది, అప్పుడు రైతు ఒప్పుకున్నా ఆయన మాటా కావాలి. కార్తీకంలో పూత ఇంకా రాదు కాబట్టి చాలా తోటలు రైతు చేతిలోనే ఉంటాయి, మందులు కొట్టడం కూడా మొదలవదు. వనభోజనానికి మామిడితోట ఇంత అనువుగా ఉండేది ఈ నెలలోనే. డబ్బు అడగకపోయినా తోట చూసుకునే మనిషికి ఏదైనా ముట్టజెప్పండి, మీతోపాటు ఆ ఇంటివాళ్లకూ విస్తరి వేయండి.

ఇక చూడటానికి యాగంటి ఉంది, బనగానపల్లెకు దగ్గర. ఉమామహేశ్వరస్వామి గుడి, ఏడాది పొడవునా నీళ్లుండే కోనేరు, పెరుగుతోందని అందరూ నమ్మే నందీశ్వరుడు. గుహల దగ్గరికి మెట్లు నిటారుగా ఉంటాయి, నాయనమ్మగారిని కింద కోనేటి దగ్గర కూర్చోబెట్టి మిగిలినవాళ్లు ఎక్కవచ్చు. పొద్దున ముందు యాగంటి చూసుకుని, పన్నెండులోపు తోటకు చేరండి.

తుంగభద్ర తల్లి (ఎమ్మిగనూరు)

ఇంతమంది ఇంత రాశారు, మరుగుదొడ్డి మాట ఒక్కరూ ఎత్తలేదు. పాతికమందిలో సగం మంది ఆడవాళ్లే కదా. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ పొదల చాటుకు ఎలా వెళుతుంది? మా ఇళ్లలో వనభోజనాలంటే ఆడవాళ్లు పొద్దున్నించి నీళ్లు తాగడం మానేసేవారు, ఎండలో తిరిగి సాయంత్రానికి తలనొప్పితో పడుకునేవారు. మగవాళ్లకు అది కనిపించదు. చోటు ఎంచుకునేటప్పుడు నీడ కన్నా ముందు ఇది అడగాలి.

తోట ఎంచుకుంటే తోటలోనో ఆనుకునో ఇల్లు ఉన్నదే ఎంచుకోండి. ఆ ఇంటి మరుగుదొడ్డి వాడుకోవచ్చా అని రైతును కాదు, ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. వాడాక శుభ్రం చేసి ఇవ్వండి. వెళ్లేటప్పుడు ఆమెకు పసుపు, కుంకుమ, పండ్లు ఇవ్వండి. ప్లాస్టిక్ కుర్చీలు నాలుగైనా బండిలో వేసుకోండి, ఊళ్లో టెంటుహౌస్‌లో అద్దెకూ దొరుకుతాయి.

మామిడితోపు (బనగానపల్లె)

అమ్మా, మీరు చెప్పింది పూర్తిగా సరైనది. ఇల్లున్న తోటలే చూడమని నేనూ చెబుతాను. యాగంటిలో సత్రాలు ఉన్నాయి, అక్కడ కూడా ఏర్పాటు ఉంటుంది.

బడి గంట (ఓర్వకల్లు)

పిల్లల కోసం ఒక మాట. మీరు వెళ్లే దారిలోనే ఓర్వకల్లు రాతివనాలు ఉన్నాయి, కర్నూలు దాటాక అరగంట కూడా పట్టదు. లక్షల ఏళ్లుగా గాలి, నీరు చెక్కిన బండలు, మధ్యలో నీటి మడుగులు. పొద్దున ఎనిమిదిలోపు గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ బాగుంటుంది. నడి మధ్యాహ్నం రాయి వేడిని తిరిగి ముఖం మీద కొడుతుంది, అప్పుడు మాత్రం వద్దు. తిరుగు ప్రయాణంలో ఆగితే పిల్లలు కాసేపు పరుగెత్తవచ్చు. కార్తీకంలో ఐదున్నర దాటితే వెలుగు తగ్గుతుంది కాబట్టి తోట నుంచి మూడు గంటలకే బయలుదేరాలి. మడుగుల దగ్గర పిల్లలను వదలొద్దు.

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

మామిడితోపు గారి వాదన ఒప్పుకుంటున్నాను, పెద్దావిడతో ఒక్కరోజులో గండికోట కష్టం. కానీ బాబాయిగారికి చెప్పండి, సంక్రాంతి తరువాత ఒక రాత్రి ఉండేలా రమ్మని. అప్పుడు బెలుం గుహలు కూడా కలుపుకోవచ్చు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహల్లో కిలోమీటరున్నర దాకా మనల్ని వెళ్లనిస్తారు. లోపల ఉక్క ఎక్కువ, కడుపునిండా తిని దిగకూడదు. బయట నాపరాయి నేల, చెట్లు తక్కువ. కాబట్టి అక్కడ కూడా భోజనం వేరే చోట చూసుకోవలసిందే.

చిత్రావతి (కదిరి)

నీడ గురించి ఇంత మాట్లాడుకుని తిమ్మమ్మ మర్రిమాను పేరు చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు. ఒకే చెట్టు, ఐదు ఎకరాల దాకా పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కర్నూలువారికి దూరమే కానీ అనంతపురం, హిందూపురం, పులివెందుల వైపు నుంచి చదివేవారు ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

అక్కడికి వెళ్లేవారికి నా విన్నపం ఒక్కటే. ఊడలు పట్టుకుని పిల్లలు ఊగుతుంటే పెద్దవాళ్లు ఫొటోలు తీస్తూ ఉంటారు. లేత ఊడ నేలను తాకి పాతుకుంటేనే పైకొమ్మకు ఆసరా. నేలను చేరకముందే తెగితే ఆ కొమ్మకు రేపటి స్తంభం పోయినట్టే. మాను కింద పొయ్యి పెట్టకండి, బెరడు మీద పేర్లు చెక్కనివ్వకండి. భోజనం ఇంటి నుంచి తెచ్చుకుని, ఆవరణ బయట తిని, లోపల కాసేపు ప్రశాంతంగా తిరగండి. తిమ్మమ్మ గుడికి మొక్కుకోవడానికి వచ్చేవాళ్లుంటారు, వాళ్లకు ఇబ్బంది కలగకూడదు.

అనంతపురం వైపు ఇంకొకటి, ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం. పెన్న ఒడ్డున నరసింహస్వామి గుడి.

పాలకొండల కింద (కడప)

కడప వైపు నుంచి నేను ఒక హెచ్చరిక మాత్రమే చేయడానికి వచ్చాను. ఈ చర్చ చదివి ఎవరైనా ఏటి ఒడ్డునో వంకలోనో చాపలు వేస్తారేమోనని భయం.

కార్తీకం మన సీమకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఎక్కడో ఎగువన కొండల్లో వాన పడుతుంది, మన నెత్తిన ఎండ కాస్తూ ఉంటుంది, అయినా వంక వస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరులో ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి తెల్లవారేసరికి ఊళ్లు కొట్టుకుపోయాయి. కర్నూలువారికి 2009 అక్టోబరు వరద గుర్తుండే ఉంటుంది. ఎండిన వంకలో ఇసుక మెత్తగా, శుభ్రంగా ఉంటుంది, పిల్లలు ఆడుకోవడానికి ఎంతో బాగుందనిపిస్తుంది. ఈ వానల కాలంలో అక్కడ కూర్చోకండి. సుంకేసుల, మైలవరం లాంటి జలాశయాల దిగువన అసలు వద్దు, గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. కేసీ కాలువ గట్టు మీద నీడ ఉంటుంది కానీ అంచులు జారుడు, నీళ్ల వడి ఎక్కువ. చిన్నపిల్లలున్నప్పుడు కాలువ కనిపించనంత దూరంలో కూర్చోవడమే మేలు.

పుష్పగిరి వెళ్లేవారు కూడా పెన్నలో నీళ్లు ఎంత ఉన్నాయో ఊళ్లోవాళ్లను అడగకుండా నదిలోకి దిగవద్దు.

వంటింటి పెద్దమ్మ (నంద్యాల)

భోజనం గురించి నన్ను రాయనివ్వండి. పాతికమందికి ఇంటి నుంచి తీసుకెళ్లాలంటే మధ్యాహ్నం దాకా పాడుకానివే చేయాలి. నిమ్మకాయ చిత్రాన్నం, చింతపండు పులిహోర, రెండూ నిలుస్తాయి. అన్నం పూర్తిగా ఆరాకే కలిపి డబ్బాలో పెట్టండి, వేడిమీద మూత పెడితే చెమ్మపట్టి వాసన వస్తుంది. మన జొన్నరొట్టెలు ఎండబెట్టినవైతే ఎన్ని గంటలైనా ఉంటాయి, దాంతోపాటు శనగవిత్తనాల పొడి, ఎండుమిరప పచ్చడి, గట్టి పెరుగు. కొబ్బరి పచ్చడి తీసుకెళ్లొద్దు, పది గంటలకే పులుస్తుంది. ఓళిగలు ముందురోజు చేసుకోవచ్చు. ఉగ్గాణి బజ్జీ మాత్రం దారిలో హోటల్లో వేడివేడిగా తినండి. డబ్బాలో పెట్టి తీసుకెళితే ఉగ్గాణి ముద్దవుతుంది, బజ్జీ మెత్తబడుతుంది.

పెరుగన్నం కలపాలంటే పొద్దున అన్నంలో పాలు పోసి ఒక్క చెంచా పెరుగు తోడు వేయండి. తినేవేళకు సరిగ్గా కమ్మగా ఉంటుంది, పులవదు. పిల్లలకూ పెద్దావిడకూ అదే హాయి.

విస్తళ్లు మోదుగాకులవో అడ్డాకులవో తీసుకోండి, లేదా అరటాకులు. మైనపు పూత ఉన్న కాగితం పళ్లేలు తోటలో వదిలేస్తే పశువులు నములుతాయి. ఆకు విస్తళ్లు కూడా రైతు చెప్పిన చోటే, గుంటలోనో దిబ్బమీదో వేయాలి. రెండు పెద్ద గోనెసంచులు వెంట తీసుకెళ్లి మిగిలిన చెత్తంతా వెనక్కి తెచ్చేయండి.

అమ్మగారి ఉసిరిచెట్టు గురించి: మామిడితోటల గట్ల మీద ఒక ఉసిరి ఉండటం అరుదేమీ కాదు, తోట చూడటానికి వెళ్లినప్పుడు అడగండి. లేకపోతే నర్సరీలో ఉసిరి మొక్క కొని కుండీతో తీసుకెళ్లి, దానికి పూజచేసి, దీపం పెట్టి, ఆ పక్కన భోంచేయండి. మా ఇళ్లలో అలా చేస్తాం. వచ్చేటప్పుడు ఆ మొక్కను రైతును అడిగి అక్కడే నాటితే ఇంకా మంచిది.

నల్లమల నీడ (ఆత్మకూరు)

చిన్న జాగ్రత్త ఒకటి. కూర్చునే ముందు కర్రతో చుట్టూ గడ్డిని తట్టి, ఎండాకులు ఊడ్చండి. వానల తరువాత రక్తపింజరులు తిరుగుతుంటాయి, ఎండాకుల్లో కలిసిపోతాయి. పిల్లలకు చెప్పులు కాదు, బూట్లు తొడగండి. ఎవరికైనా కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు ఏవీ వద్దు. కాలు కదపనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండేది ఆసుపత్రిలోనే. భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని రాశాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. రాత్రి భోజనాల దగ్గర ఈ చర్చంతా ఇంట్లో చదివాను. కార్తీకంలో రెండో ఆదివారం అనుకున్నాం. పొద్దున ఏడింటికి బయలుదేరి, దారిలో ఉగ్గాణి తిని, యాగంటి దర్శనం చేసుకుని, పన్నెండులోపు బనగానపల్లె తోటకు వెళతాం. మూడింటికి లేచి, ఓర్వకల్లులో పిల్లలను కాసేపు ఆడించి, చీకటి పడేసరికి ఇల్లు. గండికోట సంక్రాంతి తరువాత, ద్రాక్షతోట ఫిబ్రవరిలో. బాబాయి ఒప్పుకున్నారు. తుంగభద్ర తల్లి గారి మాట విన్నాక మా మేనత్త "అది రాసిన ఆవిడకు నా దండాలు చెప్పు" అన్నారు. నాయనమ్మ తన కుర్చీ తనే తెచ్చుకుంటానంటోంది.

ఈ వారంలోనే నేనూ తమ్ముడూ తోట చూడటానికి వస్తాం. మామిడితోపు గారూ, ఏ ఊరి వైపు ముందు చూడమంటారు? మీకు వీలైన రోజు చెబితే ఆ రోజే వస్తాం.

మామిడితోపు (బనగానపల్లె)

గురువారం పొద్దున రండి. పాణ్యం దాటాక నాకు ఈ వేదికలోనే సందేశం పెట్టండి, బనగానపల్లె బస్టాండు దగ్గర కలుస్తాను. ఇల్లున్న తోటలు రెండు నాకు తెలుసు. ఒకదాంట్లో దున్నేశారు, రెండోదాంట్లో రైతు ఇంకా దున్నలేదు. మీ వనభోజనం అయ్యేదాకా ఆ పడమటి మూల వదిలేయమని ఆయన్ను అడిగి ఉంచుతాను. ఉసిరి ఉందో లేదో నేనూ గమనించలేదు, మీ అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వస్తే ఆవిడే చూసుకుంటారు.